హాజరు వేరు, అక్కడ ఉండటం వేరు

ఉదయం ఏడున్నరకి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. భువనగిరి, ఘట్‌కేసర్, బోడుప్పల్ వైపు నుంచి వచ్చిన బస్సులు దించే జనంలో చాలామంది వీపున బ్యాగులు తగిలించుకున్న మీ ఈడు వాళ్లే. కొందరు స్కైవాక్ ఎక్కి మెట్రో వైపు పరుగులు తీస్తారు. కొందరు రామంతాపూర్ దారి పడతారు. ఇంకొందరు హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా వైపు, మరికొందరు నాచారం వైపు షేర్ ఆటోల్లో ఇరుక్కుని కూర్చుంటారు. వాళ్లలో ఎంబీఏ చదివే ఎవరినైనా ఆపి "ఇవాళ క్లాసుకి వెళ్లకపోతే ఏమవుతుంది?" అని అడిగి చూడండి. చాలామంది నుంచి నిజాయతీగా వచ్చే జవాబు: "ఏమీ కాదు."

ఆ జవాబే ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

అడ్మిషన్ల సీజన్‌లో సీట్లు ఇప్పించేవాళ్లు చెవిలో ఊదే మాట ఒకటుంటుంది. "రెగ్యులర్ ఎంబీఏనే, కానీ రోజూ రానక్కర్లేదు. ఎగ్జామ్స్‌కి వస్తే చాలు, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం." ఈ మధ్య దీనికి ఓ మంచి పేరు కూడా పెట్టేశారు, హైబ్రిడ్ అని. రెండేళ్లు తిరిగేసరికి ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ మరో ప్రశ్న వేస్తారు. "వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలి, ఓకేనా?" వాళ్లు వాడేదీ అదే మాట, హైబ్రిడ్. మాట ఒకటే అయినా మొదటిది మీ నుంచి ఏదో తీసేసుకుంటుంది. రెండోది, సరిగ్గా వాడుకుంటే, మీకు ఏదో ఇస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఫీజుతో పాటు రెండేళ్లు కూడా పోతాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఏం జరిగిందో మీలో చాలామందికి అనుభవమే. అప్పుడు ఇంటర్లోనో డిగ్రీలోనో ఉండుంటారు. ఫోన్ గోడకి ఆనించి పెట్టి క్లాసు విన్నారు. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. సార్ "అందరూ ఉన్నారా?" అంటే చాట్‌లో "ఎస్ సార్" అని కొట్టి, మళ్లీ అన్నం తినడానికి వెళ్లిన రోజులు. పాఠం మొత్తం పోయిందని చెప్పలేం. రికార్డింగ్ రెండుసార్లు వినొచ్చని, నోట్స్ గ్రూపులో పెట్టుకోవచ్చని అప్పుడే తెలిసింది. ఊళ్లో ఉంటూ చదువుకోవచ్చని చాలామంది తల్లిదండ్రులకి ఒక నమ్మకం వచ్చింది కూడా. కానీ ఆ బ్యాచ్‌ల్లో ఎవరినైనా అడగండి, "నీ క్లాసులో ఎంతమంది తెలుసు?" అని. వేళ్ల మీద లెక్కపెడతారు.

ఉద్యోగాల వైపు కథ ఇంకోలా నడిచింది. కరోనా తగ్గాక కంపెనీలు మెల్లగా పిలవడం మొదలుపెట్టాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. విప్రో అదే ఏడాది నవంబరు నుంచి మూడు రోజులంది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి కింది స్థాయుల్లోని ఉద్యోగులు నెలకి కనీసం పది రోజులు రావాలంది. అమెజాన్ 2025 జనవరి నుంచి పూర్తిగా ఐదు రోజులకి వెళ్లిపోయింది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అయినా ఒక సంగతి గమనించారా? పూర్తిగా ఇంటి నుంచే పనిచేయొచ్చని ఫ్రెషర్లకి చెప్పే పెద్ద కంపెనీ ఇప్పుడు కనిపించడం కష్టం. (సోషల్ మీడియాలో "ఇంట్లోనే కూర్చుని రోజుకి మూడు వేలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవి వస్తుంటాయి. అవి ఉద్యోగాలు కావు. ఉద్యోగం ఇచ్చేవాడు మీకు డబ్బులిస్తాడు, మీ దగ్గర తీసుకోడు.)

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. మనవాళ్లు సగం విని సగం చెప్పే విషయం ఇది.

స్టాన్‌ఫర్డ్‌లో నికోలస్ బ్లూమ్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఉన్నారు. ఇంటి నుంచి పని మీద కరోనాకి చాలా ముందు నుంచే పరిశోధిస్తున్నారు. ఆయన, మరో ఇద్దరు కలిసి చైనాలోని ట్రిప్.కామ్ అనే ట్రావెల్ కంపెనీలో 1,612 మంది మీద ప్రయోగం చేశారు. ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. కొందరికి వారంలో రెండు రోజులు, బుధవారం, శుక్రవారం, ఇంటి నుంచి పని ఇచ్చారు. మిగతావాళ్లు ఐదు రోజులూ ఆఫీసుకే వచ్చారు. పనితీరులో తేడా రాలేదు, ప్రమోషన్లలోనూ తేడా రాలేదు. కానీ ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గిపోయారు. ఆ తగ్గుదల ఎవరిలో బాగా కనిపించిందంటే... మేనేజర్లు కానివాళ్లలో, ఆడవాళ్లలో, దూరం నుంచి ఆఫీసుకి వచ్చేవాళ్లలో. ఉప్పల్ నుంచి రాయదుర్గం వెళ్లొచ్చేవాళ్లకి ఈ చివరి మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి హైబ్రిడ్ అంటే బద్ధకం అనే పెద్దాయనల మాట నిజం కాదు. ఐదు రోజులూ కుర్చీలో కనపడితేనే పని జరిగినట్టు అనుకునే బాసులకి ఈ ప్రయోగం ఒక జవాబు.

కానీ రెండో సగం కూడా వినాలి. నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలెయ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లని పరిశీలించారు. కొన్ని టీమ్‌లు మొత్తం ఒకే బిల్డింగులో కూర్చునేవి. కొన్ని టీమ్‌లు రెండు బిల్డింగుల్లో విడిపోయి ఉండేవి. ఒకే చోట కూర్చున్నవాళ్లకి తమ కోడ్ మీద సీనియర్ల నుంచి ఎక్కువ సలహాలు, సవరణలు అందాయి. ఎవరికి ఎక్కువ లాభం? కొత్తగా చేరినవాళ్లకి, చిన్న వయసువాళ్లకి, ముఖ్యంగా అమ్మాయిలకి. దీనికి ఖర్చు కూడా ఉంది. నేర్పించే సీనియర్ల సొంత పని కొంత తగ్గింది. కరోనాతో ఆఫీసులు మూతపడి అందరూ ఇళ్లకి వెళ్లాక, ఆ అదనపు సలహాలు కూడా పోయాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. పని వచ్చినవాడికి ఇల్లు మంచిదే. పని ఇంకా రానివాడికి, పక్క కుర్చీలో పని వచ్చినవాడు కావాలి. మేనేజ్‌మెంట్ చదివే మీరు ఇప్పుడు ఏ కుర్చీలో ఉన్నారో మీకే తెలుసు.

సత్య నాదెళ్ల వారాంతాలు

హైబ్రిడ్ చదువు కొత్తది అనుకునేవాళ్లకి మన హైదరాబాదీ ఉదాహరణే ఒకటుంది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అప్పటికే షికాగో యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చదవాలన్నది ఆయన ఆలోచన. ఉద్యోగం వదల్లేదు, చదువూ వదల్లేదు. వారమంతా సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో పని, వారాంతంలో విమానం ఎక్కి షికాగోలో క్లాసు. మధ్య దూరం రెండున్నర వేల కిలోమీటర్లకి పైనే. 1997లో పట్టా చేతికొచ్చింది.

ఈ కథని మోటివేషన్ వీడియోల్లో "చూశారా, కష్టపడితే ఏదైనా సాధ్యం" అని ముగిస్తారు. మేం అడిగేది వేరే. అంత దూరం ఆయన ఎందుకు ఎగిరి వెళ్లినట్టు? పుస్తకాలు రెడ్‌మండ్‌లో దొరకవా? క్లాసులో కూర్చుంటే దొరికేది ఏదో ఉంది కాబట్టే వెళ్లారు. ఇంకో సంగతి. ఆయనకి అప్పటికి రెండు ఇంజినీరింగ్ డిగ్రీలున్నాయి, సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన అనుభవం ఉంది, పక్కనే మైక్రోసాఫ్ట్ లాంటి ఆఫీసుంది. వారంలో ఐదు రోజులు ఆయన ఉన్నది ఇంకో పెద్ద బడిలోనే. అలాంటివాడికి వారాంతపు ఎంబీఏ సరిపోతుంది. డిగ్రీ అవ్వగానే ఐసెట్ రాసి, ఇంతవరకూ ఒక్క ఆఫీసు లోపల ఎలా ఉంటుందో చూడని ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి అదే కొలత పెడితే ఎలా?

2024లో ఐఐఎం అహ్మదాబాద్ కూడా కొంత ఆన్‌లైన్, కొంత క్యాంపస్‌గా రెండేళ్ల ఎంబీఏ ప్రకటించింది. అది ఎవరికి? ఇప్పటికే ఉద్యోగం చేస్తూ కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి. అందులోనూ మధ్యమధ్యలో క్యాంపస్‌కి రావాల్సిందే. ఉస్మానియాలో సాయంత్రం పూట ఎంబీఏ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అదీ ఉద్యోగస్తుల కోసమే. వాటిని తక్కువ చేయడం లేదు. పగలంతా పనిచేసి సాయంత్రం క్లాసులో ఓ ప్రశ్న అడిగేవాడి దగ్గర, పగలు క్లాసులో నిద్రపోయేవాడి కంటే ఎక్కువ చదువుంటుంది.

యూజీసీ మాటేంటి అంటారా? 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే విషయాన్ని మళ్లీ స్పష్టం చేసింది. ఇంట్లో ఇబ్బందులుండి, ఉద్యోగం మానలేక చదువుకోవాల్సినవాళ్లకి అది మంచి దారి. చేరే ముందు ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో చూసుకోండి. అది నిజాయతీ గల ఆన్‌లైన్ చదువు. "రెగ్యులర్" అని రాసిచ్చి "రావద్దు" అని చెప్పేది ఆ కోవలోకి రాదు. ఇంటర్వ్యూలో "మీ సెకండ్ సెమిస్టర్ ప్రాజెక్ట్ ఏంటి?" అని అడిగిన క్షణంలో అది బయటపడుతుంది. అబద్ధం కాలేజీ చెప్పింది, చెమట పట్టేది మీకు.

క్యాంపస్‌లో దొరికేది ఏంటి?

బిజినెస్ స్కూల్లో పాఠం అంటే పీపీటీ కాదు. పీపీటీ మీ ఫోన్లోనూ ఉంటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వందేళ్లకి పైగా కేస్ పద్ధతిలో చెబుతోంది. ఒక కంపెనీకి నిజంగా వచ్చిన ఇబ్బందిని ముందు పెట్టి, "నువ్వు మేనేజర్‌వి, ఏం చేస్తావు?" అని అడుగుతారు. ఒకడు ధర తగ్గిద్దామంటాడు, ఒకమ్మాయి అది తప్పంటుంది, వెనక బెంచీలో ఒకడు ఇద్దరూ తప్పంటాడు. ఆ వాదనలో మీరు ఓడిపోవాలి. అందరి ముందూ ఓడిపోయి, మర్నాడు క్యాంటీన్లో వాడితోనే టీ తాగాలి. ఆఫీసులో మీరు చేయబోయే పనిలో సగం ఇదే. మ్యూట్‌లో కూర్చుని దీన్ని నేర్చుకున్నవాళ్లని మేమైతే చూడలేదు.

గ్రూప్ ప్రాజెక్ట్ సంగతి చూడండి. ఐదుగురిలో ఇద్దరు పనిచేస్తారు, ఒకడు మాట్లాడతాడు, ఒకడు ఫోన్ ఎత్తడు, ఒకరికి నిజంగానే ఇంట్లో కష్టం ఉంటుంది. ఎవరికి ఏం పని ఇవ్వాలి, ఫోన్ ఎత్తనివాడితో గొడవ పడాలా, సర్దుకుపోవాలా? ఆన్‌లైన్‌లో అయితే ఆ ఇద్దరే మొత్తం చేసేసి ఐదు పేర్లు పెట్టేస్తారు. ఎదురుగా ఉన్నప్పుడు అలా కుదరదు, మొహం చూసి మాట్లాడాలి. ఆ మాట్లాడటమే మీరు ఫీజు కట్టి నేర్చుకుంటున్న 'ఆర్గనైజేషనల్ బిహేవియర్'. పుస్తకంలో ఉన్నది దాని వెనకున్న సిద్ధాంతం.

ఇంకొకటి, పరిచయాలు. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లోనే చెప్పాడు, ఉద్యోగం గురించిన కబురు ప్రాణస్నేహితుల కంటే అంతంత పరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుందని. ప్రాణస్నేహితుడికి తెలిసింది మీకూ తెలిసే ఉంటుంది కదా. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందిని పరిశీలించి దాదాపు ఇదే మాట తేల్చింది. మరీ కొత్తవాళ్లూ కాదు, మరీ దగ్గరివాళ్లూ కాదు, మధ్యరకం పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయి.

మధ్యరకం పరిచయం ఎక్కడ పుడుతుంది? సీనియర్ని జిరాక్స్ షాపులో కలిసినప్పుడు. గెస్ట్ లెక్చర్ అయ్యాక మెట్ల మీద "సార్, ఒక్క డౌట్" అని ఆపినప్పుడు. పక్క సెక్షన్ వాళ్లతో ఫెస్ట్‌కి కుర్చీలు మోసినప్పుడు. లింక్డ్‌ఇన్‌లో కనెక్ట్ నొక్కడం ఆ తర్వాతి పని.

మీలో చాలామంది ఇళ్లల్లో ఆఫీసుకెళ్లే మొదటి మనిషి మీరే. నాన్న ఆటో నడపొచ్చు, ఐడీఏలో షిఫ్ట్ చేయొచ్చు, ఊళ్లో వ్యవసాయం చేయొచ్చు. బంజారాహిల్స్‌లో పుట్టినవాడికి బాబాయో, నాన్న స్నేహితుడో ఇంటర్న్‌షిప్ చూసిపెడతాడు. వాడు క్యాంపస్‌కి రాకపోయినా వాడికి పోయేది తక్కువ. మీకు అలాంటి బాబాయ్ లేడు. మీకున్న ఒకే ఒక్క బంధువర్గం ఆ క్యాంపస్. దాన్నే వదులుకోమని చెప్పేవాడు మీ మంచి కోరేవాడు కాదు.

అవతలి వైపు న్యాయం

అయితే ఇదంతా చదివి "రోజూ వెళ్లండి" అని మేం ఉపదేశిస్తున్నామని అనుకోవద్దు. వెళ్లాక అక్కడ ఏముందో కూడా చూడాలి కదా.

భువనగిరి నుంచి తార్నాక వైపు వచ్చే అమ్మాయి అనుకుందాం. పోనూ రానూ మూడు గంటలు. వారానికి ఐదు రోజులైతే పదిహేను, నెలకి అరవై గంటలు. అంత కష్టపడి వస్తే మొదటి పీరియడ్ సార్ రాలేదు, రెండో పీరియడ్‌లో పీపీటీ చదివేశారు, మధ్యాహ్నం లైబ్రరీ అన్నారు, లైబ్రరీకి తాళం. ఆ అమ్మాయి మర్నాడు రాకపోతే తప్పు ఎవరిది? వేలిముద్ర మిషన్ ముందు క్యూ కట్టించి, లోపల ఏమీ పెట్టని కాలేజీ అడిగేది హాజరు మాత్రమే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు కావాలి కాబట్టి ఆ అంకె నిండితే చాలని వాళ్ల లెక్క. అంకె నింపడం మీ జీవితాశయం కాదు.

ఇంటి ఖర్చుల కోసం సాయంత్రం డెలివరీ చేసేవాళ్లున్నారు, తెల్లవారుజామున పేపర్ వేసి వచ్చేవాళ్లున్నారు. రాత్రి పొద్దుపోయాక రింగ్ రోడ్డు దగ్గర దిగి, అక్కణ్నుంచి ఇంకో ఆటో పట్టుకోవాల్సిన అమ్మాయిల భయం మనకు తెలుసు. వరంగల్ హైవే మీద ఏళ్ల తరబడి ఎలివేటెడ్ కారిడార్ పనుల దుమ్ము తిన్నవాళ్లకి "క్యాంపస్ లైఫ్ ఎంజాయ్ చేయండి" అని ఏసీ గదిలోంచి చెప్పడం బాగుండదు.

అందుకే మేం కాలేజీలని అడిగేది ఒకటుంది. బిజినెస్ స్కూల్లో హైబ్రిడ్ పెట్టండి, తప్పకుండా పెట్టండి, కాకపోతే నిజాయతీగా పెట్టండి. అకౌంటింగ్ ఎంట్రీలు, స్టాటిస్టిక్స్ సూత్రాలు, ఎక్సెల్ లాంటివి రికార్డ్ చేసి ఇచ్చేయండి. పిల్లలు ఇంట్లో రెండుసార్లు వింటారు. పిలిచిన రోజున మాత్రం కేస్ డిస్కషన్, గ్రూప్ వర్క్, మాక్ ఇంటర్వ్యూ, బయటి నుంచి వచ్చిన మేనేజర్‌తో మాట, ఇవి ఉండాలి. ఏ రోజు ఏం జరుగుతుందో వారం ముందే చెప్పాలి. అందరూ ఒకే రోజుల్లో రావాలి. ట్రిప్.కామ్ ప్రయోగంలో ఇంటి రోజులు ముందే ఖరారయ్యాయని గుర్తుంది కదా, మిగతా మూడు రోజుల్లో అందరూ ఆఫీసులోనే ఉంటారు. ఎవరికి తోచిన రోజు వాళ్లు వస్తే, వచ్చినవాడికి ఖాళీ బెంచీలే దొరుకుతాయి. ఆ పద్ధతిలో భువనగిరి అమ్మాయికి నెలకి ఇరవై నాలుగు గంటలు మిగులుతాయి, నేర్చుకునేది తగ్గకుండానే. విశ్వవిద్యాలయం, ఏఐసీటీఈ నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో అంతవరకే చేయండి. పిల్లల సంతకాలు వాళ్లకి తెలియకుండా పెట్టే పని మాత్రం మానేయండి.

క్యాంపస్ గోడ బయట

తూర్పు హైదరాబాద్‌లో ఉన్నందుకు బాధపడేవాళ్లు చాలామంది. "ఉద్యోగాలన్నీ అటువైపే" అని హైటెక్ సిటీ వైపు చూపిస్తారు. ఆ మాటలో కొంత నిజముంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో 2019 చివరికి పూర్తయింది, ఈ చివర నుంచి ఆ చివరకి గంటకి అటూ ఇటూగా పడుతుంది. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ కూడా మొదలైంది. ప్రయాణం మునుపటి అంత నరకం కాదు. వెళ్లొచ్చు, వెళ్తున్నారు.

కానీ మీ కాళ్ల దగ్గర ఉన్నది కూడా చూడండి. ఉప్పల్‌లో జెన్‌పాక్ట్ ఎప్పటి నుంచో ఉంది. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. ఐటీని నగరం నలువైపులా విస్తరించాలని 2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం గ్రిడ్ విధానం తెచ్చినప్పుడు ముందు వినిపించిన పేర్లు ఉప్పల్, పోచారం, నాచారమే. అనుకున్నంత వేగంగా ఇటు వచ్చాయా అంటే, రాలేదనే మా అభిప్రాయం. ఐటీ కాక ఇంకోటి ఉంది. హబ్సిగూడ, తార్నాక దారిలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ. నాచారం ఐడీఏలో అరాజెన్ లాంటి పరిశోధన సంస్థలు, వాటి చుట్టూ చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు. ల్యాబులో పరీక్షనాళిక, షెడ్డులో లేత్ మిషన్ ఇంటికి రావు. అక్కడ హెచ్‌ఆర్, స్టోర్స్, పర్చేజ్, డిస్పాచ్ చూసేవాళ్లు కూడా వాటి పక్కనే ఉండాలి. హైబ్రిడ్ అన్నది అన్ని ఉద్యోగాలకీ ఉండే సదుపాయం కాదు. మేనేజ్‌మెంట్ చదివినవాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం ఇలాంటి చోటే వస్తుంది.

అలాంటప్పుడు సమ్మర్ ప్రాజెక్ట్ కోసం ఇంటర్నెట్‌లో దొరికిన పాత రిపోర్ట్‌లో పేరు మార్చి బైండింగ్ చేయించడం ఎందుకు? ఆ బైండింగ్ డబ్బులతో నాచారం దాకా వెళ్లి రండి. ఒక చిన్న యూనిట్ యజమానిని "సార్, నెల రోజులు మీ అకౌంట్స్ ఆయన పక్కన కూర్చుంటాను, జీతం వద్దు, నేర్చుకుంటాను" అని అడగండి. నలుగురు కాదంటారు, ఐదో ఆయన రమ్మంటాడు. అక్కడ మీకు తెలిసేది ఏంటంటే, చిన్న పరిశ్రమకి సరుకు కొన్నవాడు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది. అయినా యజమాని తొంభై రోజులైనా ఫోన్లు చేస్తూనే ఉంటాడు. కేసు వేస్తే ఆర్డర్ పోతుందని భయం. పుస్తకంలో 'వర్కింగ్ క్యాపిటల్' చాప్టర్ చదివినప్పుడు నిద్ర వచ్చిందా? ఈ యజమాని ఒకటో తారీఖున జీతాలకి ఎలా సర్దుతున్నాడో పక్కన కూర్చుని చూస్తే నిద్ర రాదు. ఇంటర్వ్యూలో "వర్కింగ్ క్యాపిటల్ అంటే?" అని అడిగితే మీరు నిర్వచనం చెప్పరు, ఆయన కథ చెబుతారు. పేరు చెప్పకుండా చెప్పండి, అది మర్యాద.

ఇక ఉద్యోగంలో చేరేటప్పుడు. ఆఫర్ చేతికొచ్చాక హెచ్‌ఆర్‌ని "ఎన్ని రోజులు రావాలి?" అని అడగడంలో తప్పు లేదు, కానీ అక్కడితో ఆగకండి. "నా మేనేజర్ ఏ ఊళ్లో కూర్చుంటారు? నా టీమ్ ఏ రోజుల్లో వస్తుంది?" అని అడగండి. మీరు హైదరాబాద్ ఆఫీసుకి మూడు రోజులొచ్చి, టీమ్ మొత్తం బెంగళూరులో ఉంటే, మీరు చేసేది ఖరీదైన ఇంటి పనే, ఏసీ మాత్రం కంపెనీది. మొదటి ఏడాది రెండేళ్లు టీమ్ వచ్చే రోజుల్లో ఒక్కటీ పోనివ్వకండి. వీలైతే ఒక రోజు ఎక్కువే వెళ్లండి. పని చేతికొచ్చాక, మీరు లేకపోతే నలుగురూ వెతికే రోజు వచ్చాక, ఇంటి నుంచి చేసే రోజులు గట్టిగా అడిగి తీసుకోండి. అప్పుడది మీ హక్కు లాంటిది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, అమ్మానాన్నకి ఒంట్లో బాగోలేనప్పుడు ఆ రోజుల విలువ ఇంకా తెలుస్తుంది. ముఖ్యంగా ఆడపిల్లలు ఉద్యోగం మానేయాల్సిన పరిస్థితిని అవి ఆపుతాయి.

ఐసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని చేయండి. మీరు అనుకుంటున్న కాలేజీకి ఓపెన్ హౌస్ రోజున కాకుండా, ఏదో ఒక మామూలు మంగళవారం ఉదయం పదకొండింటికి వెళ్లండి. ఆఫీసు రూముకి కాదు, అక్కడ అందరూ బాగానే మాట్లాడతారు. ముందు క్యాంటీన్‌కి వెళ్లి ఒక టీ చెప్పండి. సెకండియర్ వాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. క్లాసు కిటికీలోంచి ఒకసారి చూడండి, ఒక్కరే మాట్లాడుతున్నారా, పిల్లలు కూడా మాట్లాడుతున్నారా అని. లైబ్రరీ తలుపు తోసి చూడండి. ఎవరో ఒక అన్ననో అక్కనో ఆపి, "లాస్ట్ వీక్ ఎన్ని రోజులొచ్చారు? ఎందుకొచ్చారు?" అని అడగండి. "అటెండెన్స్ కోసం" అంటే ఆ టీ తాగేసి వచ్చేయండి. "రేపు మా గ్రూప్ ప్రెజెంటేషన్ ఉంది, అదే చచ్చిపోతున్నాం" అని విసుక్కుంటే, ఆ కాలేజీ కోడ్ రాసుకోండి.